అర నిమిషానికి పంతొమ్మిది

ఫిబ్రవరి 3, సోమవారం

హమ్మింగ్ బర్డ్ గుండె నిమిషానికి పన్నెండు వందల సార్లు కొట్టుకుంటుందట. లైబ్రరీ ఆవిడ ఇచ్చిన మూడు పుస్తకాల్లో రెండింటిలో అలాగే ఉంది. మూడోదాంట్లో "వెయ్యికి పైగా" అని ఉంది. రెండూ రాసుకున్నాను, పేజీ నంబర్లతో సహా.

పరిశోధనకి వేరే పుస్తకం పెట్టాను. నీలం అట్ట. ప్రతి పేజీకి నడుమ గీత. ఎడమవైపు పిట్ట సంగతులు, కుడివైపు వాటిని కథలో ఎక్కడ వాడాలో. అది ఎవరైనా చూడవచ్చు. ఇది మాత్రం నాది.

పోటీకి పంపడానికి ఆఖరు తేదీ మార్చి 31. పిల్లల నవల, ఎనభై పేజీలకు తగ్గకూడదు. ఇంతవరకు నేను రాసినవన్నీ ఇంటి సంగతులే: గ్యాస్ ఎప్పుడు మార్చాం, నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగించాం, చిన్నదానికి ఏ టీకా ఏ తేదీన వేయించాం, అత్తయ్య కళ్ళద్దాలు ఎప్పుడు మార్పించాం. ఇరవై రెండేళ్ళ పుస్తకాలు బీరువా అడుగు అరలో వరుసగా ఉన్నాయి. కథ కూడా అలా రాస్తే సరిపోతుందేమో.

మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పాను. ఆయన నవ్వారు.

"ఆడిటరు గారు కథలు రాస్తారా? పిట్టలకి హాజరు పట్టీ వేస్తావేమో."

సాయంత్రం చిన్నదానికి చెప్తే అది నవ్వలేదు. "పన్నెండు వందలని ఎవరు లెక్కపెట్టారమ్మా?" అంది. ఆరో తరగతి. ఏం చెప్పినా సాక్ష్యం అడుగుతుంది. నా కూతురే.

ఫిబ్రవరి 5, బుధవారం

నీలం పుస్తకంలో పట్టిక గీశాను. పిట్ట గుండె వేగం పిల్లలకు అర్థం కావాలంటే పక్కన మనిషి గుండె ఉండాలి కదా. పద్ధతి: ఎడమ మణికట్టు మీద రెండు వేళ్ళు. వంటింటి టైమరు ముప్పై సెకన్లకు పెట్టాలి. అది మోగేదాకా లెక్కపెట్టాలి. వచ్చినదాన్ని రెండుతో గుణించాలి.

అత్తయ్య చెయ్యి చాపి కళ్ళు మూసుకున్నారు. "ఇంకా ఆడుతోందా?"

"ఆడుతోందత్తయ్యా. ఎనభై."

"నా వయసూ నాడీ ఒకటే అన్నమాట. అయితే టీ పెట్టు."

చిన్నదానికి 92. గెంతి వచ్చింది. నాకు 78. ఆయన గడి ఖాళీగా ఉంది. పొద్దున్న ఆరున్నరకే స్కూలు బస్సు తియ్యడానికి బయల్దేరతారు, మధ్యాహ్నం రెండు ట్రిప్పుల మధ్య భోజనానికి వస్తారు. ఆయన వచ్చినప్పుడు నాకు వంటింట్లో చేతులు ఖాళీ ఉండవు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

పిట్ట బరువు మూడు గ్రాములు. వంటింటి త్రాసు అంత తక్కువ చూపించదు. మూడు గ్రాములు ఎంతో తెలియడానికి అరచేతిలో కాసిన్ని మిరియాలు వేసుకుని చూశాను. జారిపోయినా తెలియని బరువు.

ఈ పిట్టని నేనెప్పుడూ చూడలేదు. మన పెరట్లోకి వచ్చే తేనెపిట్ట వేరు, ఇది వేరు. మొదట్లో నేనూ పొరబడి రెండు పేజీలు రాశాను, తరవాత కొట్టేశాను.

ఫిబ్రవరి 10, సోమవారం

ఈరోజు పట్టిక పూర్తయింది.

భోజనం చేసి ఆయన ముందు గదిలో కుర్చీలోనే కునుకు తీశారు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. టైమరు తెచ్చుకుని పక్కన స్టూలు మీద కూర్చుని మణికట్టు పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది. నీళ్ళతో కడుక్కున్నారు కదా.

పంతొమ్మిది వచ్చింది.

రెండుతో గుణిస్తే 38. అలా ఉండదు. నేను పదిహేను సెకన్లే లెక్కపెట్టి ఉంటాను, ఆలోచన ఎక్కడో ఉంది. పదిహేను సెకన్లయితే నాలుగుతో గుణించాలి. 76. మామూలే. పట్టికలో 76 వేశాను.

లేచాక "ఏంటి, చెయ్యి పట్టుకుని కూర్చున్నావు? మళ్ళీ పెళ్ళిచూపులా?" అన్నారు.

"పిట్ట కోసం," అన్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

గూడు సాలీడు దారంతో కడుతుంది. లోపలి పిల్లలు పెరిగేకొద్దీ గూడు సాగుతుంది. మంచి సంగతి. రెండో అధ్యాయంలో పెడతాను.

ఈరోజు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

నవలకి కావలసింది దొరికింది.

ఈ పిట్టకి రోజంతా తింటేనే ఒంట్లో వేడి నిలుస్తుంది. రాత్రి తినడానికి ఉండదు. అందుకని చలిరాత్రుల్లో అది తనని తాను దాదాపు ఆర్పేసుకుంటుంది. ఒళ్ళు చల్లబడిపోతుంది. వెయ్యి దాటే గుండె యాభైకి పడిపోతుంది. ఒక్కోసారి కొమ్మకి తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. చచ్చిపోయిందనుకుని తీసి పారేసినవాళ్ళు ఉన్నారట. తెల్లవారేముందు వణకడం మొదలుపెడుతుంది. ఎగరడానికి సరిపడా వేడెక్కేసరికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది.

మూడో అధ్యాయం ఒక్క బిగిన రాశాను. కొమ్మకి వేలాడుతున్న పిట్టని చూసి అడవిలో అందరూ చచ్చిపోయిందనుకుంటారు. చీమలు దాని దుఃఖంలో సెలవు తీసుకుంటాయి. అంతలో సూర్యుడు వస్తాడు, పిట్ట తుర్రున లేస్తుంది. చిన్నదానికి చదివి వినిపించాను.

"చీమల సెలవు బాగుంది. కానీ నువ్వు తొందరగా లేపేశావమ్మా. ఇరవై నిమిషాలన్నావుగా?"

"కథలో అంతసేపు ఎలా కూర్చుంటారే?"

"అదే కథ కదా. లేస్తుందో లేదో తెలీకుండా కూర్చోవడం." మళ్ళీ అదే అడిగింది. "లేవకపోతే?"

"లేస్తుంది. పుస్తకంలో ఉంది."

"అది వాళ్ళ పిట్ట."

ఫిబ్రవరి 14, శుక్రవారం

మన మేడకి పన్నెండు మెట్లు. ఆయన ఏడో మెట్టు మీద ఆగుతున్నారు. కిటికీలోంచి వీధి చూస్తున్నట్టు నిలబడతారు. ఆ కిటికీలోంచి కనిపించేది పక్కింటి గోడ.

ఎప్పటినుంచి ఆగుతున్నారో నా దగ్గర తేదీ లేదు. ఇన్నేళ్ళలో తేదీ లేని సంగతి ఇదొక్కటే.

ఫిబ్రవరి 17, సోమవారం

బస్సు వీధి మలుపులో రెండు చిన్న హారన్లు కొడుతుంది. చిన్నది దిగి వస్తుంది, ఆయన మిగిలిన పిల్లల్ని దింపి, షెడ్డులో బస్సు పెట్టి అయిదున్నరకి నడిచి వస్తారు. పంతొమ్మిదేళ్ళుగా ఆ హారను నాలుగూ పదికి. నేనెప్పుడూ గడియారం చూసేదాన్ని కాదు, హారను వింటే టీ పెట్టేదాన్ని.

ఇవాళ చిన్నది నవ్వుకుంటూ వచ్చింది.

"నాన్న ఇవాళ సిగ్నల్ దగ్గర నిద్రపోయారమ్మా. ఆకుపచ్చ లైటు వచ్చినా కదల్లేదు. వెనకాల బళ్ళన్నీ ఒకటే హారన్లు. మేమందరం 'గుడ్ మార్నింగ్ సార్' అని అరిచాం. బస్సులో ఆయమ్మ వెళ్ళి భుజం తడితే అప్పుడు కదిలారు."

"ఎంతసేపు?"

"ఏమో. మళ్ళీ ఎర్ర లైటు పడింది."

దానితో పాటు నేనూ నవ్వాను. టీ పెట్టాను. పంచదార వెయ్యలేదట, అత్తయ్య చెప్పారు.

ఫిబ్రవరి 18, మంగళవారం

మళ్ళీ లెక్కపెట్టాను. పద్దెనిమిది. 72 అని వేశాను.

టైమరు పాడయినట్టుంది. ముందే మోగుతోంది.

ఫిబ్రవరి 19, బుధవారం

టైమరు పట్టుకుని వాచీల షాపుకి వెళ్ళాను. కంటికి భూతద్దం బిగించుకుని ఉన్న ఆ పెద్దాయన దాన్ని తన గడియారం పక్కన పెట్టి మూడుసార్లు పరీక్షించారు. నేను కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాను. పాడయిందని ఆయన చెప్పాలని కోరుకున్నంతగా నేను దేన్నీ కోరుకోలేదు.

"సెకను తేడా లేదమ్మా. కొత్తదాని కంటే బాగుంది. దేనికి వాడతారు?"

"నాడి చూడటానికి. పిట్ట గురించి రాస్తున్నాను."

"పిట్ట నాడి చూస్తున్నారా?" భూతద్దం తీసి నా మొహం చూశారు. ఒక కన్ను చుట్టూ ఎర్రగా గుండ్రటి అచ్చు పడి ఉంది. "పిట్టకి ఒంట్లో బాగాలేదా?"

టైమరు సంచీలో వేసుకుని వచ్చేశాను. బ్యాటరీ మార్చమనడం మర్చిపోయాను. బ్యాటరీ బాగానే ఉందిలే.

ఫిబ్రవరి 20, గురువారం

భోజనం అయ్యాక అడిగాను. అత్తయ్య తన గదిలో పడుకున్నారు.

"ఏమండీ, ఒకసారి డాక్టరుకి చూపించుకుందాం."

"దేనికి?"

"పట్టికలో మీది సరిగ్గా రావడం లేదు."

"అయితే పట్టిక మార్చు."

"చెయ్యి ఇటివ్వండి."

ఇవ్వలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు, దొంగిలించింది దాచుకున్నట్టు. తరవాత ఆయనే చెప్పారు, గోడకేసి చూస్తూ. నెల రోజులుగా అప్పుడప్పుడు కళ్ళముందు చీకటి కమ్ముతోందట. "ఒక్క క్షణం. రెప్ప వేసినంతసేపు. మళ్ళీ మామూలే."

"సిగ్నల్ దగ్గర ఎన్ని రెప్పలు వేశారు?"

"చిన్నది చెప్పిందా?" తల దించుకున్నారు. "చూడు, నాది డ్రైవరు గుండె. కంగారుపడదు. అందుకే నెమ్మది. ఇప్పుడు డాక్టరు దగ్గరికెళ్తే ఏం చేస్తాడో తెలుసా? అన్‌ఫిట్ అని ఒక్క ముక్క రాస్తాడు. ఆ తరవాత నేను స్కూలు గేటు దగ్గర కూర్చుని విజిలెయ్యాలి. ఏప్రిల్ ఆఖరుకి సెలవులిచ్చేస్తారు. అప్పుడు నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. సరేనా?"

ఏప్రిల్ ఆఖరుకి ఎన్ని పనిదినాలో అప్పటికే నా బుర్ర లెక్కపెట్టేసింది. నలభై ఏడు. రోజుకి రెండు ట్రిప్పులు. తొంభై నాలుగు.

"దీని గురించి ఎక్కడా రాయకు," అన్నారు.

"సరే," అన్నాను.

నిజంగానే సరే అన్నాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

4:12.

ఫిబ్రవరి 24, సోమవారం

చిన్నదానికి ఒళ్ళు వెచ్చగా ఉంది. 100.2. బడికి పంపలేదు.

హారను 4:09.

ఫిబ్రవరి 25, మంగళవారం

99.9. పంపలేదు.

4:22.

ఆ పన్నెండు నిమిషాలు వీధి గుమ్మం దగ్గరే నిలబడ్డాను. చేతిలో గరిటె ఉంది. అత్తయ్య వచ్చి దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. దారిలో రోడ్డు తవ్వుతున్నారట, అందుకని ఆలస్యమట.

పిట్టకి నడవడం చేతకాదు. కాళ్ళు కొమ్మ పట్టుకోవడానికే. ఎగురుతూ ఉన్నంతసేపే దానికి ఎక్కడికైనా దారి.

ఫిబ్రవరి 26, బుధవారం

పొద్దున్న థర్మామీటరు దులుపుతుంటే చిన్నది నా చెయ్యి పట్టుకుంది.

"నాకు జ్వరం లేదు కదమ్మా."

"నిన్న ఉంది."

"నిన్న నేను చూశాను. 98.4 ఉంది. నువ్వు వేరేది చెప్పావు."

అది నా పక్కన మంచం మీద కూర్చుంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"పక్కవీధి పిల్ల హోంవర్కు ఇవ్వడానికి వచ్చిందిగా నిన్న. నా సీట్లో ఎవరు కూర్చుంటున్నారో తెలుసా? ఒకటో తరగతి పిల్ల. పళ్ళు ఊడినదీ, ఆ పిల్ల. కిటికీ సీటని దానికి ఎంత ఇష్టమో. నేను ఎప్పుడొస్తానో అని రోజూ అడుగుతోందిట. రావద్దని దేవుడికి దణ్ణం పెట్టుకుందిట." చిన్నది నవ్వబోయి ఆగింది. "అమ్మా, నేను ఇంకో నాలుగు రోజులు ఉండనా? పాపం, కూర్చోనీ."

పెరట్లోకి వెళ్ళి ఆరేసిన బట్టల వెనక నిలబడ్డాను.

నా పిల్లని బస్సులోంచి దింపేశాను. ఆ సీటు ఖాళీగా ఉంటుందనుకున్నాను. అది కూడా అబద్ధం. అసలు సీటు గురించే అనుకోలేదు. ఆ బస్సులో నలభై రెండు మంది. వాళ్ళ కోసమే కదా నవల రాస్తున్నాను అనుకుంటున్నాను, చీమలకి సెలవు ఇప్పించి మరీ.

ఇక్కడ సరిగ్గా రాస్తాను. ఇది ఎవరూ చూడరు.

చిన్నదానికి జ్వరం రాలేదు. సోమవారం 98.4. మంగళవారం 98.4.

టైమరు మోగితేనే నేను వేళ్ళు తీస్తాను. ముప్పై సెకన్లకు ముందు అది మోగదు. పదో తేదీన కూడా మోగింది. విన్నాను. పద్దెనిమిదో తేదీన కూడా విన్నాను. ఈ పదహారు రోజుల్లో నాకు తెలియని రోజు ఒక్కటీ లేదు.

38. 36.

ఫిబ్రవరి 27, గురువారం

నీలం పుస్తకంలో రెండు అంకెలూ కొట్టేసి, పక్కన అసలువి వేసి, తేదీ, టైము రాశాను. ఏడో మెట్టు రాశాను. సిగ్నల్ రాశాను. ఆయన ఆరున్నరకి బయల్దేరారు. వెనకే నేనూ బయల్దేరాను, వేరే వీధిలోంచి. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయనకి చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళలేదు నేను. ఆయన నెమ్మదిగా నడుస్తారు కాబట్టి ముందు నేనే చేరాను.

షెడ్డులో తొమ్మిది బస్సులు పసుపురంగులో వరుసగా ఉన్నాయి. నేల మీద నూనె మరకలు. బస్సుల ఇన్‌ఛార్జి ఒక మూల రేకు బల్ల దగ్గర కూర్చుని తాళాలు లెక్కచూసుకుంటున్నాడు. మా ఆయన బస్సులో పనిచేసే ఆయమ్మ బస్సు మెట్టు మీద కూర్చుని జడ వేసుకుంటోంది.

"ఏంటి వదినా, ఇంత పొద్దున్నే? అన్న టిఫిన్ డబ్బా మర్చిపోయాడా?" అన్నాడు ఇన్‌ఛార్జి.

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. చదవడం తెలుసు. పుస్తకం తెరిచి చదివాను. ఫిబ్రవరి పది, మధ్యాహ్నం ఒంటిగంటా నలభై, అర నిమిషానికి పంతొమ్మిది. ఫిబ్రవరి పదిహేడు, సిగ్నల్ దగ్గర. ఇలా. నా గొంతు వేరే ఎవరిదో అన్నట్టు వినిపించింది, రేషన్ వరసలో పేర్లు పిలుస్తున్నట్టు.

"ఇదేంటి వదినా, పిట్ట బొమ్మ ఉంది ఇందులో?" అన్నాడతను అయోమయంగా.

"అది కాదు. కుడివైపు చూడండి."

జడ సగంలో వదిలేసి ఆయమ్మ లేచి వచ్చింది. "సిగ్నల్ దగ్గర ఒక్కసారి కాదండీ," అంది మెల్లగా. "నేనూ చెప్పలేదు. మంచి మనిషి, పిల్లల్ని పల్లెత్తు మాట అనడు. ఎలా చెప్పను?"

అప్పుడే వెనక చెప్పుల చప్పుడు. తిరిగి చూడకుండానే ఎవరో తెలిసింది. ఇరవై రెండేళ్ళుగా వింటున్న నడక.

ఆయన నన్ను చూశారు, ఆయమ్మని చూశారు, నా చేతిలో పుస్తకం చూశారు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఇంటికెళ్ళు," అన్నారు నాతో. అంత మెల్లగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"వెళ్ళను."

"రాయకన్నాను."

"రాశాను."

ఇన్‌ఛార్జి లేచి నిలబడి ఉన్నాడు. ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ ఉన్న తాళం చెవి బల్ల మీద వాళ్ళిద్దరి మధ్య ఉంది. "అన్నా, ఇవాళ వేరేవాళ్ళని పంపిస్తాను. డాక్టరు కాగితం తెచ్చుకున్నాక చూద్దాం," అన్నాడు. మాట పూర్తికాకముందే అతని చెయ్యి తాళం మీదికి వెళ్ళింది. అది చూసి ఆయన మొహం తిప్పుకున్నారు. నాకు అప్పుడు ఆయన్ని కౌగలించుకోవాలనిపించింది. ఆయన చొక్కా మీద చెయ్యి వేస్తే విదిలించుకున్నారు.

అదే ఊపులో గోడకి ఆనుకున్నారు. జారిపోయారు. ఆయమ్మ, నేను చెరోవైపు పట్టుకున్నాం.

ఎంతసేపో చెప్పగలను. టైమరు సంచీలో ఉంది కానీ తియ్యలేదు. అయినా సెకన్లు లెక్కపెట్టాను. పదకొండు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

నిన్న ఆస్పత్రిలో ఛాతీకి వైర్లు పెట్టి కాగితం మీద గీతలు తీశారు. డాక్టరమ్మ ఆ కాగితం కిటికీ వెలుగులో పెట్టి చూసింది. గుండెలో పై గదులు చెప్పే మాట కింది గదులకు చేరడం లేదట. కిందివి వాటంతట అవే, నిమిషానికి ముప్పై ఆరుసార్లు, ఎవరూ చెప్పకుండానే కొట్టుకుంటున్నాయట. అవి ఆగితే అంతే. భుజం కింద ఒక చిన్న యంత్రం పెట్టాలి.

"ఇలా ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

"తెలీదండీ," అన్నారాయన.

"నాకు తెలిసి ఫిబ్రవరి పది నుంచి," అన్నాను. పుస్తకం ఇచ్చాను.

ఆమె పేజీ చూసి, కొట్టివేతల మీద పెన్ను పెట్టింది. "ఈ 76 ఏంటి? లెక్క తప్పిందా?"

"లెక్క తప్పలేదండీ. నేనే తప్పు రాశాను."

ఆయన మంచం మీదినుంచి నా వైపు చూశారు. నిన్న పొద్దుటినుంచి అదే మొదటిసారి.

మార్చి 3, సోమవారం

పదకొండు గంటలకు లోపలికి తీసుకెళ్ళారు. గంటన్నర అన్నారు. నేను, అత్తయ్య బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా గోడ గడియారం, సెకన్ల ముల్లు ఒక్కో గీత దగ్గర ఆగి వణికి ముందుకు పోతోంది. ప్రతి గీత దగ్గరా ఇక కదలదనిపించింది.

ఒంటిగంటయింది. ఎవరూ రాలేదు.

అత్తయ్య నా ఒళ్ళోకి చెయ్యి చాపారు, మణికట్టు పైకి తిప్పి. "చూడు," అన్నారు.

"ఇప్పుడెందుకత్తయ్యా?"

"నీకు లెక్కపెట్టడానికి ఏదో ఒకటి ఉండాలిగా."

లెక్కపెట్టాను. నూట నాలుగు. ఆవిడకి చెప్పలేదు. ఒంటిగంటా ఇరవైకి తలుపు తెరుచుకుంది.

మార్చి 6, గురువారం

ఇంటికి తీసుకొచ్చాం. మాట్లాడటం లేదు. అత్తయ్యతో మాట్లాడతారు, చిన్నదానితో మాట్లాడతారు. నాకు ఏదైనా చెప్పాలంటే చిన్నదానితో చెప్పిస్తారు. ఇన్‌ఛార్జి వచ్చి వెళ్ళాడు. పిల్లల బండి ఇక ఇవ్వలేరట, షెడ్డులో బస్సులు చూసుకునే పని ఇస్తారట. ఆయన తలూపారు. అతను వెళ్ళాక చాలాసేపు ఎడమ చెయ్యి గేరు రాడ్డు పట్టుకున్నట్టు మోకాలి మీదే ఉంది.

చిన్నది మళ్ళీ బస్సెక్కుతోంది. కిటికీ సీటు ఆ పిల్లకే ఇచ్చేసిందట.

మార్చి 8, శనివారం

భయం పోలేదు. పోతుందనుకున్నాను. ఆయన నిద్రపోతుంటే ఛాతీ కదులుతోందా అని చూస్తున్నాను. డాక్టరమ్మ యంత్రం అరవైకి తగ్గనివ్వదని చెప్పింది. ఆ మాట నీలం పుస్తకంలో ఎడమవైపు రాసుకున్నాను. పిట్టల వైపు. అక్కడ రాసినవే నాకు నమ్మకం.

మార్చి 10, సోమవారం

మూడో అధ్యాయం చింపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఇందులో సూర్యుడు రాడు. కొమ్మకి పిట్ట వేలాడుతూ ఉంటుంది. చీమలు వెళ్ళిపోతాయి. ఒక నత్త మాత్రం కింద కూర్చుని లెక్కపెడుతుంది. ఇరవై నిమిషాలకీ ఇరవై పేరాలు. ఇప్పటికి తొమ్మిదయ్యాయి. పిట్ట ఇంకా కదలలేదు.

హారను 4:06. కొత్త డ్రైవరు. కిటికీ దగ్గర నిలబడి ఆయన గొణిగారు. "మలుపులో మూడో గేరులో వస్తున్నాడు." నాతో కాదు. అయినా నేను విన్నాను.

మార్చి 12, బుధవారం

మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర పద్నాలుగో పేరా రాస్తున్నాను. ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నారు. కాసేపు పుస్తకం తలకిందులుగా చదివారు.

"లేస్తుందా అది?"

"ఇంకా ఆరు నిమిషాలుంది."

గట్టు మీదున్న టైమరు అందుకుని ముప్పైకి పెట్టి నా ముందుకు తోశారు. తరవాత చొక్కా చెయ్యి పైకి లాక్కుని మణికట్టు బల్ల మీద పెట్టారు. చెయ్యి ఇంకా పూర్తిగా చాచలేరు, అందుకని కొంచెం ముందుకి వంగవలసి వచ్చింది.

"ఈసారి సరిగ్గా రాసుకో," అన్నారు.

రెండు వేళ్ళు పెట్టి నాడి వెతికాను. మొదట దొరకలేదు. తరవాత దొరికింది. చెయ్యి వెచ్చగా ఉంది.

ముప్పై. టైమరు మోగింది. ఇద్దరం విన్నాం.